బట్లరుబాబు పొయ్యిరాళ్ళు

పూర్వం, రెండో యుద్ధం నడుస్తూ, సముద్రం మీద దీపం వెలిగిస్తే ప్రాణానికే ముప్పు అన్న కాలంలో, మా నీలాలరేవు వాస్తవ్యుడైన గనగళ్ళ అసిరయ్య అనే పుణ్యపురుషుడు ఒక సరుకుల ఓడలో బట్లరుగా, అనగా ఓడలోని సమస్త జనానికీ అన్నపానాలు అందించే ఉద్యోగిగా ఉండేవాడు. ఆ ఓడ శత్రువుల దెబ్బకు మునిగిందనీ, అసిరయ్య ఆచూకీ తెలియదనీ ఒకనాడు తంతి వచ్చింది.

అంతట అప్పటి కులపెద్ద (ఆ ఇంటిపేరు నేను రాయను, నా కాగితం మైలపడుతుంది) రేవులో నిలబడి, "మడిసి పోనాడు. పెళ్ళాం గాజులు పగలగొట్టి దినం సేసీదాకా ఊరికి అంటు. పడవ నీట దిగకూడదు, ఊళ్ళో పదిమందికి విస్తరెయ్యకూడదు" అని కట్టు పెట్టాడు. అసిరయ్య భార్య, నాకు వరసకు మేనత్త అయిన కొర్లమ్మ, "శవాన్ని సూపించండి, గాజులు నేనే ఇస్తాను" అన్నది.

పదకొండు రోజులు పడవలు ఇసుకలో ఎండిపోయాయి. ఆ మహాతల్లికి కూర్చుంటే మనసు నిలవదు, నిలుచుంటే నిలవదు. ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ నుంచి సరుగుడు తోట దాకా, తోట నుంచి ఏటిమొగ దాకా తిరుగుతూనే ఉండేది. ఆకలికి ఓర్వలేని ఆడవాళ్ళు, "నీ గాజుల సోకుకి మా పిల్లల కడుపులు మాడాలేటే?" అని ఎత్తిపొడిస్తే, "మీ పడవలకి అడ్డు నా గాజులా, మీ కులపెద్ద నోరా? ఎల్లి ఆడినడగండి" అని ఆగకుండానే జవాబు చెప్పేది.

పన్నెండో నాడు మధ్యాహ్నం, ఆ ఓడలోనే ఓడ పనివాళ్ళయిన కళాసీల మీద పెద్దగా పనిచేసి బతికి బయటపడ్డ తండేలు, కోరంగి వాడైన ఓలేటి కోటయ్య వెతుక్కుంటూ వచ్చాడు. "అమ్మా, మంచినీళ్ళ పీపా, రొట్టెల డబ్బా మా చిన్నపడవలోకి దింపింది ఆయనే. ఎక్కవయ్యా అసిరయ్యా అని చెయ్యి కూడా పట్టుకున్నాను. 'అడుగున బాయిలరు కాడ ముగ్గురున్నారు తండేలా, ఆళ్ళు రాకుండా నానెలా కూకుంటాను' అని కిందికి దిగాడు. ఓడ ఆగలేదమ్మా, మునిగిపోయింది" అని ఏడ్చాడు.

కొర్లమ్మ అప్పుడు కూర్చున్నది. తర్వాత, "ఆ ముగ్గురి పేర్లేటి?" అన్నది.

"ఎరగనమ్మా. బొగ్గు ఎత్తేవాళ్ళు. ఏ దేశపోళ్ళో."

"ఆళ్ళకి దినం ఎవులు సేత్తారు మరి?" అని ఆమె లేచి, ఇంట్లో ఉన్న నూకలన్నీ మూటగట్టి సముద్రం వైపు నడిచింది. కులపెద్ద మాట చెల్లేది పోటునీళ్ళు తాకే గీత వరకే. ఆ గీత దాటిన తడి ఇసుక గంగమ్మది, అక్కడ మనిషి కట్టు లేదు. ఆ తడి ఇసుకలో మూడు నల్లరాళ్ళు పెట్టి, ఎసరు పెట్టి, తిట్టిన ఆడవాళ్ళతో సహా ఊరిని పిలిచింది. "పోటొచ్చీ ఏళయింది, పొయ్యి కొట్టుకుపోద్ది!" అని కులపెద్ద గట్టు మీద నుంచి నవ్వాడు. పోటు వచ్చింది. వచ్చిన అల రాళ్ళ ముందు రెండుగా చీలి, పొయ్యికి అటూ ఇటూ ప్రవహించింది గాని నిప్పు ఆరలేదు. ఊరంతా మోకాలి లోతు నీళ్ళలో నిలబడి దోసిళ్ళతో తిన్నది. ఆ తర్వాత కొర్లమ్మ, పగలగొట్టడానికి దగ్గరికి వచ్చిన చేతులన్నీ తోసేసి, తన గాజులు తానే ఒక్కొక్కటిగా తీసి అలల్లో విడిచింది. మర్నాడు పడవలు నీట దిగాయి.

ఆ మూడు రాళ్ళూ నేటికీ కదలలేదు, వాటి ముందు పోటునీరు నేటికీ చీలుతుంది. అందుచేత అసిరయ్య పేరిట ఆ చోటికి బట్లరుబాబు పొయ్యి అని పేరు. ఏటా మాఘ పున్నానికి అక్కడ పేరు తెలియని ఆ ముగ్గురికీ మొదట మూడు విస్తళ్ళు వేస్తారు. వాటిలో వడ్డించేది భర్త పోయిన ఆడదే. వేరే ఏ గుడిలోనైనా ఆమెను వెనక్కి నెడతారు, ఇక్కడ ఆమె గరిటె పట్టనిదే ఊరు తినదు. ఇది అశుభమని, మార్చాలని ఆ కులపెద్ద మనవడు పోయినేడు అర్జీ తెచ్చాడు. భర్త పోయిన వాళ్ళ అమ్మే గరిటె పట్టుకుని, "పక్కకి తప్పుకోరా, ఆ ముగ్గురూ ఆకలితో ఉన్నారు" అన్నది.