నాలుగో పొయ్యి

ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నాకు మిగిలిన రెండు పళ్ళూ ఊడిపోవాలి. పోయినసారి ఇట్లాగే ఒట్టేసినప్పుడు మూడుండేవి, ఆ సంగతి వేరు.

కొండలింకా మోకాలెత్తున ఉన్న కాలాన, ఎముకలేరి అమ్ముకునే సుంకులమ్మ ఉండేది. ఎంత బక్కదంటే, గాలి వీస్తే కొంగుకు రాయి కట్టుకుని నడిచేది. ఊళ్ళో పొయ్యిలు వెయ్యి. ఊరి బయట ఆమె పొయ్యి ఒక్కటే. ఎముకలు ముట్టే మనిషని ఎవరూ ఆమె పక్కన కూర్చుని తినేవారు కాదు. ఆమె కోరికా అదొక్కటే: ఒక్క పూట ఎవరి పక్కనైనా కూర్చుని తినాలి.

ఒకనాడు పెద్దవానకు కొండగుహలో మన్ను కొట్టుకుపోయింది. మూడు పాత పొయ్యిలు బయటపడ్డాయి. మా ముత్తవ్వకు ముత్తవ్వ పుట్టకముందువి. ఒక్కో పొయ్యి బూడిదలో ఒక్కో ఎముక ముక్క. మూలుగ కోసం పగలగొట్టినవి. సుంకులమ్మ మూడూ చేర్చి చూసింది. అతికినట్టు సరిపోయాయి! ఒకే మేక కాలు.

"మీ కడుపులు చల్లగుండ! ఒక్క మేకను మూడు పొయ్యిలవాళ్ళు పంచుకు తిన్నారా!" అంది.

ఆనాడు ఊళ్ళో మేకలు కోస్తున్నారు. ముక్కలు ఒడిలో వేసుకుని ఈ మాట చెప్పడానికి పరిగెత్తింది.

మొదటి గడపలో, "ఎప్పుడో చచ్చిన మేకను చూపి ఇప్పుడు వాటాకొచ్చావా?" అని నవ్వారు.

రెండో గడపలో, "దూరం, దూరం! కూర మీద నీ నీడ పడుతుంది" అన్నారు.

మూడో గడపలో తిమ్మక్క ఆమెను చూడగానే తలుపేసుకుంది.

సుంకులమ్మ గుహకు తిరిగొచ్చింది. ఆ మూడింటి పక్కన నాలుగో పొయ్యి పెట్టుకుంది. సంకటి వండి, "రా అక్కా, రా అన్నా, తిందాం" అని బూడిదను పిలిచింది. రోజూ పిలిచింది.

కొన్నాళ్ళకు ఎముకల బేరగాడు వచ్చి ఆమె గుడిసె ముందు మూడు కేకలు పెట్టాడు. పలుకు లేదు. ఊరంతా వెతికితే గుహలో దొరికింది. ప్రాణం లేదు. పొయ్యి చల్లారింది. ముందు నాలుగు విస్తళ్ళు. మూడింట్లో సంకటి ముద్దలు ఎండిపోయి ఉన్నాయి.

తిమ్మక్క ఆమె ఒడిలోని ముక్కలు తీసి అతికించి చూసింది. అప్పుడేడ్చింది. ఆ ఏడుపుకు మా వాగు మూడేళ్ళు ఉప్పగా పారింది.

అప్పటినుంచి మా వైపు మేకను కోస్తే కాలెముకను మూడు ముక్కలు చేస్తారు. ఒకటి ఇంటికి, ఒకటి పక్కింటికి, మూడోది ఒంటిగా వండుకునే వాళ్ళకు. దాన్ని సుంకులమ్మ ముక్క అంటారు.

సరే, లే. ఈ గిన్నె పట్టుకుని నాగప్ప తాత ఇంటికి పో. అవ్వ పోయాక ఒక్కడే వండుకుంటున్నాడు. గిన్నె గడపలో పెట్టి పరిగెత్తుకు రావద్దు. ఆయన తినేదాకా పక్కన కూర్చో.