నక్క మెడలో కాపలా గంట

చందనాల కనుమ చెట్లకు పెట్టింది పేరు. కొండవాలు నిండా ఎర్రచందనం చెట్లు, వాటి కింద ఎండుటాకులు, ఆ ఆకుల్లో వీపు మీద పసుపు చుక్కలున్న నక్షత్ర తాబేళ్ళు. ఆ అడవిలోంచి బయటికి పోవాలంటే రెండు కొండల మధ్య ఇరుకు దారి ఒక్కటే.

ఒకప్పుడు అక్కడ అడిగేవాడు లేడు. తవ్వేవాళ్ళు తవ్వారు, గీకేవాళ్ళు గీకారు, మోసేవాళ్ళు మోసుకుపోయారు. చెట్లు పలచబడి, తాబేళ్ళు కనబడటం తగ్గాక గానీ పెద్దలకు మెలకువ రాలేదు. అప్పుడు ముసలి ఏనుగమ్మ సభ పెట్టి చట్టం చేసింది. చందనం బెరడు గీకకూడదు, మందువేర్లు తవ్వకూడదు, తాబేలును కనుమ దాటించకూడదు.

చట్టం చేయగానే సరా, కాచేవాడొకడు కావాలి కదా! ఊళ్ళో కాడి వదిలించుకొని అడవికి వచ్చేసిన మల్లన్న అనే ఎద్దును కనుమ దగ్గర కాపలా పెట్టారు. గడ్డి తిని బతికే జంతువే అయినా, ఉద్యోగంలో మాత్రం మల్లన్న ఏనాడూ గడ్డి తినలేదు. అంత నిజాయితీపరుడు. కొలువు అన్నాక గుర్తు ఉండాలని అతని మెడలో ఒక ఇత్తడి గంట కట్టారు. అధికారి వస్తున్నాడని అందరికీ ముందే తెలియాలట! దొంగలకు కూడానా అని సభలో ఒక్కరూ అడగలేదు.

ఆ గంట మోత విని అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు సింగప్ప అనే నక్క.

"మల్లన్నా, నువ్విక్కడ నీడన నిలబడి నెమరేస్తాండావు. ఆ పైన ముళ్ళక్క మందువేర్లు తవ్వి పారేస్తాంది!" అని ఒకరోజు పరుగున వచ్చాడు.

"యాడప్పా?"

"కొండ మీద, ఎర్రబండ ఎనక. నేను చెప్పినానని మాత్రం చెప్పొద్దన్నా. ఇరుగూ పొరుగూ."

మల్లన్న గణగణమంటూ కొండెక్కాడు. నిజమే, ముళ్ళక్క అనే ఏదుపంది వేర్లు తవ్వుతూ దొరికింది. సభకు పట్టుకెళ్ళాడు. ఏనుగమ్మ మెచ్చుకుంది. ఇంకోసారి కుందేలు లేతచెట్టు బెరడు కొరుకుతోందని సింగప్పే చెప్పాడు. అదీ నిజమే. మరోసారి జింక. ఎప్పుడు చెప్పినా నిజమే చెప్పేవాడు, ఎప్పుడు చెప్పినా కొండపైనే అనేవాడు. సభలో మల్లన్న పేరు మారుమోగిపోయింది.

తాబేళ్ళు మాత్రం తగ్గుతూనే ఉన్నాయి.

ఒక పొద్దున చుక్కమ్మ అనే తాబేలు మెల్లగా నడుచుకుంటూ కనుమ దాకా వచ్చింది. "అన్నా, మా అక్క కనపడలే. బండ కింద పడుకొని ఉండె. పొద్దున చూస్తే లేదు."

"యాడికైనా మేతకు పోయుంటాదిలేమ్మా."

"మేము ఎంత దూరం పోతామన్నా? మీ చట్టం మా కోసమే అంటిరి. మా అక్క యాడుందో మీ చట్టాన్ని అడిగి చెప్పు."

చుక్కమ్మ వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ రోజు మల్లన్నకు మేత సహించలేదు.

ఆ వారంలోనే ముళ్ళక్క మళ్ళీ వేర్లు తవ్వుతూ దొరికింది. ఈసారి దారి పొడుగునా ఊరుకోలేదు.

"పట్టుకో సామీ, పట్టుకో! నేను తవ్వింది తప్పే, కాదనను. మూతి పట్టేటంత వేరు తవ్వినా. నీకు వార్త మోసేది ఎవరో నాకు తెలుసులే. ఒక్క మాట చెప్పు. నన్ను పట్టేటప్పుడు ఆ పెద్దమనిషి నీతో పాటు ఎప్పుడైనా కొండెక్కినాడా?"

"లేదు. నేనొక్కడినే ఎక్కుతా."

"నీ గంట కొండ మీద మోగుతాంటే కింద కనుమలో ఎవరుంటారు?"

"ఎవురూ ఉండరు."

"అదీ సంగతి. ఇంగ నడువు, సభకు ఆలస్యమైతాది."

మల్లన్న ఆ మాటను గడ్డిపరకలాగే నోట్లో పెట్టుకొని నెమరేశాడు. తొందరపడే జాతి కాదు కదా. నెమరేసే కొద్దీ ఒక్కొక్కటే అర్థమైంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

మళ్ళీ సింగప్ప పరుగెత్తుకొచ్చాడు. "అన్నా! కుందేలు! కొండకొమ్మున! చందనం బెరడు మొత్తం ఒలిచేస్తాంది!"

"అయ్యో, మోకాలు వాచిపోయిందప్పా," అన్నాడు మల్లన్న కుంటుతూ. "కొండెక్కలేను. నీ మాదిరి చురుకైనోడు ఈ అడవిలో ఇంకొకడు లేడు. ఈ పొద్దుకు నా బదులు నువ్వే అధికారివి. పోయి పట్టుకొనిరా."

"నేనా?"

"ఏం, పనికిరావా? పని బాగా చేస్తే సభలో చెప్పి ఈ కొలువు నీకే ఇప్పిస్తా. నాకూ వయసైపోతాంది."

సింగప్ప చెవులు నిక్కపొడుచుకున్నాయి. కనుమ కాపలా తన చేతికే వస్తే! ఇక దొంగచాటు దేనికి, పట్టపగలే దర్జాగా దాటించొచ్చు. ఆ ఊహకే వాడికి తల తిరిగింది.

"గంట లేని అధికారిని ఎవరు లెక్కజేస్తారు?" అని మల్లన్న తల వంచాడు. కాపలా దగ్గర బంట్రోతు పని చేసే కొండముచ్చు గంట విప్పి, నక్క మెడకు బిగించి ముడి వేసింది. సింగప్ప మెడ అటూ ఇటూ ఊపి చూసుకున్నాడు. ఎంత బాగా మోగిందో! అడుగడుక్కీ కావాలనే గట్టిగా మోగిస్తూ, కనబడిన ప్రతి పిట్టకీ తల ఊపుతూ కొండెక్కాడు.

కొండకొమ్మున కుందేలు బెరడు కొరకడం ఆపి చూసింది. పారిపోలేదు. కిసుక్కున నవ్వింది.

"ఏంది మామా ఇది? మోత వింటే మల్లన్న అనుకుంటి. కింద ఉన్నోళ్ళంతా మల్లన్న కొండెక్కినాడనే అనుకుంటాంటారు!"

సింగప్ప వెనక్కి తిరిగి ఉరికాడు.

అప్పటికే ఆలస్యమైంది. గంట కొండ మీద మోగితే కనుమ ఖాళీ అని సింగప్పకూ, కోరన్న అనే అడవిపందికీ మధ్య ఒప్పందం. ఆ మోత వినగానే కోరన్న పొదల్లోంచి లేచి, మోదుగాకుల మూట వీపు మీద వేసుకొని, పాట పాడుకుంటూ ఇరుకు దారిలోకి వచ్చాడు. మలుపు తిరిగాడు. ఎదురుగా రెండు కొమ్ములు.

"గం... గంట పైన మోగుతాంది కదా!" అన్నాడు కోరన్న నోరు వెళ్ళబెట్టి.

"మోగనీ. నేనిక్కడున్నా. మూట దించు."

"ఆకులన్నా, ఉత్త ఆకులు. పక్క మీద పరుచుకునేదానికి."

మల్లన్న కొమ్ముతో ఆకులు తొలగించాడు. లోపల తలలు ముడుచుకున్న తాబేళ్ళు. వాటిలో ఒకటి మెల్లగా మెడ చాపింది.

"అన్నా, నేనే, చుక్కమ్మను," అంది.

మల్లన్న కళ్ళు తడిశాయి. ఆపుకోవాలని చూడలేదు. "నీ దగ్గరికి రావడం ఆలస్యమైందమ్మా," అన్నాడు.

సభ కూడింది. కోరన్న ఒక్క గద్దింపుకే అంతా కక్కేశాడు. తాబేళ్ళను కనుమ దాటించి ఊరికుక్కకు ఇవ్వడం, బదులుగా కోడి తలలు తెచ్చుకోవడం, అందులో పెద్దవాటా సింగప్పది.

"నేను లేకపోతే ఇన్ని కేసులు దొరికేవా అమ్మా?" అన్నాడు సింగప్ప, మెడలో గంట మోగకుండా పాదంతో నొక్కి పట్టుకొని. "ఎంత సేవ చేసినా!"

"చేసినావులే," అంది ఏనుగమ్మ. "నీ వేలు ఎటు చూపిస్తే అటే చూసి మురిసిపోయినాము. ఆ తప్పు మాది. ముళ్ళక్కా, నీ వేర్లు నువ్వు మళ్ళీ నాటు, నీకంతే శిక్ష. మల్లన్నా, ఇంక నీకు గంట వద్దు."

చుక్కమ్మ ముందుకు వచ్చింది. "సింగప్పా, మా అక్క యాడుంది?"

"కుక్కకిచ్చినా. ఆ తర్వాత ఎవరింటికి పోయిందో నాకు తెలీదు."

ఎంత పెద్ద సభ కూడినా, ఏనుగమ్మ తొండం ఎంత పొడుగైనా, ఆ ఊరిదాకా అందదు.

కోరన్నను ఎండుకొండ అవతలికి తరిమేశారు. సింగప్పకు మాత్రం వేరే తీర్పు. మూటలో దొరికిన ప్రతి తాబేలునూ దాని బండ దగ్గర దిగబెట్టిరావాలి. మోసుకుపోకూడదు, వెనకే నడవాలి, తాబేలు నడకతో. ఆ తర్వాత వానలు పడేదాకా వాటికి కాపలా ఉండాలి. వాడి మీద మల్లన్న ఒక కన్నేసి ఉంచుతాడు.

మిట్టమధ్యాహ్నం ఎండలో చుక్కమ్మ వెనక ఒక్కొక్క అడుగే వేస్తూ సింగప్ప నాలుక వేలాడేశాడు. పక్కనే కుందేళ్ళు తాపీగా మేస్తున్నాయి. "కొంచెం బిరబిరా నడువమ్మా," అని బతిమాలాడు.

"నన్ను మూటలో ఏసినప్పుడు నీకింత తొందర లేదే," అంది చుక్కమ్మ, పచ్చగడ్డి కనబడితే ఆగి కొరుకుతూ.

నీతి: ఎవరో వేలు చూపిన వైపే చూసే చట్టం ఎంత నిజాయితీగలదైనా గుడ్డిదే.