బసవక్క నడిచిన పొలిమేర

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడదామంటే ఈ ఊరితో అదే తంటా. ఏటివంక అనే ఈ ఊరు ఒక ఏడు ఒక రాజ్యంలో ఉండేది, మరో ఏడు పక్క రాజ్యంలో. రెంటికీ ఏరే హద్దు. ఆ ఏరేమో వరద వచ్చినప్పుడల్లా దారి మార్చేది. కొత్త రాజుకు దండం పెట్టడం అలవాటయ్యేసరికి పాత రాజు మళ్ళీ దిగేవాడు. జనం ప్రాణాలు విసిగిపోయాయి.

ఒకసారి విజయధ్వజ మహారాజు స్వయంగా వచ్చి ఊరి బయట డేరా వేశాడు. ఆయన బిరుదులు చదవడం పూర్తయ్యేలోపు ముందు వరుసలో ఇద్దరు కునుకు తీశారు.

"ఊరిని పక్కరాజూ నేనూ చెరిసగం పంచుకుంటాం. రేపు మీ ఆచారం ప్రకారం పొలిమేర నడవండి. ఆ దారి మీద ఏ పైకప్పు ఉన్నా, అది ఎవరిదైనా సరే, నా భటులు పీకేస్తారు. ఇది నా ఆన" అన్నాడు రాజు.

ఆ ఆచారం ఏమంటే, ఊరివాళ్ళలో ఒకరు తడిబట్టలతో, ఊరి మట్టి తట్ట నెత్తిన పెట్టుకుని నడవాలి. వాళ్ళు నడిచిందే హద్దు. నడిచేవాళ్ళను రాజైనా ఆపకూడదు. కానీ ఎవరి కొంప మీదుగా నడవాలి? ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ముసలి బసవక్క చిరాకుగా లేచి, "తట్ట ఇట్టా తెండి" అంది.

తెల్లారాక ఆమె ఊరివైపు చూడనైనా చూడలేదు. తిన్నగా రాజు డేరాలో దూరింది. భటులు బల్లేలు ఎత్తారు.

"ఆపకూడదు ప్రభూ, ఆచారం ప్రకారమే నడవమని తమరి ఆన" అని మంత్రి గొణిగాడు.

బసవక్క రాజుగారి మంచం ఎక్కి, అటు దిగి, వెనకనుంచి బయటికి నడిచింది. ఆజ్ఞ అంటే ఆజ్ఞే కాబట్టి భటులు గుంజలు పీకేశారు. డేరా కూలింది. గుడ్డ కిందనుంచి రాజు పాక్కుంటూ బయటపడ్డాడు.

"ముసలీ, నా మంచం మీద హద్దేమిటి? ఇప్పుడు నేను ఏ రాజ్యంలో ఉన్నట్టు?"

"ఏమని చెప్పేది దొరా? మేము మూడు తరాలుగా అదే అడుగుతాండాం."

రాజు కూలిన డేరానూ, ఊరి ఇళ్ళ కప్పులనూ మార్చి మార్చి చూశాడు. కోపం రాబోయి నవ్వు వచ్చింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు.

"పంపకం లేదు. ఏరు ఎటు పారినా ఈ ఇళ్ళ జోలికి నా మనుషులు రారు. తట్ట దించు అవ్వా" అని, చేతి బంగారు కడియం తీసి ఇవ్వబోయాడు.

బసవక్క చెయ్యి చాపలేదు.

"కడియం వద్దు దొరా. వచ్చే ఏడు ఏరు తిరిగితే, పగోడి సొమ్ము నీకాడ ఎందుకుందని పక్కరాజు నన్ను పట్టుకుంటాడు. ఊరికి ఇన్ని బియ్యం ఇప్పించు. వండుకుని తినేస్తే అవి ఏ రాజువో ఎవురికీ తెలీదు."