చక్రం పట్టనివ్వని గురువు

మన తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, అనగనగా గండిపురమనే రాజ్యం ఉండేది. అక్కడ పుష్కరానికొక్కసారి చక్రపు పోటీ జరిగేది. పళ్లెమంత ఇనుప చక్రాన్ని అందరికంటే దూరం విసిరినవారికి రాజుగారి కోటదళంలో చోటు దొరికేది. ఒకసారి తప్పితే మళ్లీ పన్నెండేళ్లు ఆగాల్సిందే.

ఆ పోటీలో గెలవాలని చిన్నాంబ అనే పడుచుపిల్ల రాచప్ప గురువు దగ్గర చేరింది. ఏట్లో పడవ నడిపిన చేతులు ఆమెవి. బలానికి లోటు లేదు.

గురువు ఆమెకు చక్రం ఇవ్వలేదు. ఇసుక మూట ఇచ్చాడు. "దీన్ని భుజాన వేసుకుని గుట్ట ఎక్కి దిగు" అన్నాడు.

'చక్రం విసరడానికి వస్తే మూటలు మోయిస్తాడేం?' అనుకుంది చిన్నాంబ. అది మొదటి అనుమానం.

కొన్నాళ్లకు గురువు నేల మీద వలయం గీశాడు. "గీత తొక్కకుండా మునివేళ్ల మీద గిర్రున తిరుగు" అన్నాడు. చిన్నాంబ తిరిగి తిరిగి, కళ్లు తిరిగి కూలబడింది. చూసినవాళ్లు పకపకా నవ్వారు.

'నన్ను నవ్వులపాలు చేయాలనే ఈ ఎత్తు' అనుకుంది. అది రెండో అనుమానం.

మూడోది అన్నిటికన్నా పెద్దది. గురువుగారి మేనల్లుడు భైరవుడు కూడా పోటీకి పేరిచ్చాడు. రోజూ సాయంత్రం మామా అల్లుళ్లిద్దరూ గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవారు. చిన్నాంబ అటుగా వెళ్తే లోపలి మాటలు ఆగిపోయేవి.

ఇక అప్పటినుంచి గురువు నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే. ఆయన పోసిన మజ్జిగ కూడా వాసన చూసి గాని తాగేది కాదు.

ఇది కనిపెట్టాడు ఊళ్లో చూర్ణాలమ్ముకునే మందుల పాపన్న. మెల్లగా ఆమె పక్కన చేరాడు.

"పిచ్చిపిల్లా, సొంత మేనల్లుణ్ణి కాదని నిన్ను గెలిపిస్తాడటే! ఇదిగో బలచూర్ణం. ఇది తింటే కసరత్తే అక్కర్లేదు. మీ గురువుకు మాత్రం చెప్పకు."

"అలాగే. ముందు నువ్వొక చిటికెడు తిను" అంది చిన్నాంబ.

పాపన్న ముఖం మాడిపోయింది. "నన్నే శంకిస్తావా?" అని మండిపడి, పొట్లం లాక్కుని వెళ్లిపోయాడు.

చిన్నాంబ ఆలోచనలో పడింది. 'వీణ్ణి అడగగలిగాను. మరి గురువుగారిని ఎందుకు అడగలేదు?'

నేరుగా వెళ్లి గది తలుపు తట్టింది. "గురువుగారూ, భైరవుడి కోసం నన్ను వెనక్కి లాగుతున్నారని నా అనుమానం. లోపల ఏం జరుగుతోంది?"

రాచప్ప కోప్పడలేదు. మేనల్లుడి వంక చూశాడు. భైరవుడు సిగ్గుతో పైపంచె తీశాడు. భుజం కుండలా వాచి ఉంది. దాని మీద ఆకు పసరు కట్టు.

"మామ వద్దంటున్నా మొదటి రోజే ఇనుప చక్రం ఎత్తి విసిరాను. భుజం జారింది. ఎవరికీ చెప్పొద్దని నేనే బతిమాలాను. ఇక నాకు పోటీ లేదక్కా" అన్నాడు.



"ఇంకా అనుమానముంటే పరీక్షించు తల్లీ" అంటూ గురువు చక్రం అందించాడు. ముందు ఒట్టి చేతి బలంతో విసిరింది. దగ్గరలోనే పడింది. ఈసారి వలయంలో గిర్రున తిరిగి విసిరింది. కాళ్ల బలం నడుముకెక్కి, నడుము బలం చేతికెక్కి, చక్రం రెండింతల దూరం పోయింది.

"కారణం ముందే చెప్పకపోవడం నా పొరపాటు" అన్నాడు గురువు.

పోటీ రోజు వచ్చింది. ఎవరికైనా మూడే విసుర్లు. చిన్నాంబ మొదటిది తొందరపడి పాడుచేసుకుంది. రెండోసారి గీత తొక్కింది. మూడోసారి గుండెల నిండా గాలి పీల్చి, గిర్రున తిరిగి విసిరింది. చక్రం అందరి గుర్తులూ దాటి పడింది!

"మోసం! అది తేలిక చక్రం!" అని ఓడిన మల్లుడొకడు అరిచాడు. జనం గుసగుసలాడారు. రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి.

చిన్నాంబ కోప్పడలేదు. చక్రం తెచ్చి రాజుగారి ముందు పెట్టింది. "ఆయన అడగడం మంచిదే మహారాజా. తూచి చూడండి."

తూచారు. అన్ని చక్రాలతో సమంగా తూగింది. రాజు తన చేతులతో ఆమెకు కోటదళపు కడియం తొడిగాడు. ఆమె అడిగిన మీదట రాచప్పకు పట్టుబట్టలు పెట్టాడు.

అనుమానం పుడితే మనసులో పెంచుకోకూడదు, అడిగి తేల్చుకోవాలి. నిజం ఏ పరీక్షకూ వెరవదు.