మస్తూరా పట్టిన మూడో దరువు

అనగనగా, ఎక్కడో కాదురా కన్నా, మన హైదరాబాదులోనే ఒక వాడ. అక్కడివాళ్ళ ముత్తాతలు ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చి నిజాము దగ్గర గుర్రపు సిపాయిలుగా చేరారట. వస్తూ వస్తూ వాళ్ళ డోలు దరువులు తెచ్చుకున్నారు. ఆ డోలునీ, ఆ వాయింపునీ కూడా మర్ఫా అనే అంటారు.

ఆ వాడలో మస్తూరా అని పదేళ్ళ పిల్ల ఉండేది. మర్ఫా మోగిందంటే ఆ పిల్ల కాలు ఒకచోట నిలిచేది కాదు. మర్ఫా వాయించడంలో మబ్రూక్ తాతదే పెద్ద చెయ్యి. ఒకనాడు ఆయనకి పక్షవాతం వచ్చి ఆ కుడిచెయ్యే పడిపోయింది. అప్పుడు వాడంతా బెంగపెట్టుకుంది. పాత దరువులన్నీ ఆయనకే తెలుసు మరి. మగపిల్లలు ఒక్కరూ కుదురుగా కూర్చుని నేర్చుకోలేదు.

ఆ తర్వాత మస్తూరా వెళ్ళి, "నాకు నేర్పు తాతా" అంది.

"ఆడపిల్లలు మర్ఫా పట్టడం మనలో లేదు బిడ్డా. పైగా నా చెయ్యే లేవదు."

"నోరుంది కదా తాతా."

తాతకి నవ్వొచ్చింది. నవ్వాక ఇంకేముంది, ఒప్పుకున్నట్టే.

మొదటి దరువు నోటితో చెప్పాడు. ధబుక్కు ధబుక్కు, అది గుర్రం నడక. రెండోది ఎడమచేత్తో ఆమె వీపు మీద తట్టి చెప్పాడు. పిల్ల వేళ్ళు కందిపోతే వాళ్ళమ్మ వెన్న రాసింది. మూడోది అన్నిటికంటే పాతది, ఓడ దిగినవాళ్ళు వాయించింది. అది నోటికీ రాలేదు, ఒంటిచేతికీ రాలేదు. తాత తల దించుకున్నాడు.

ఇంతలో వాడలో పెళ్ళి వచ్చింది. మస్తూరా మర్ఫా మెడలో వేసుకుంది. మొదటి దరువుకి జనం మూగారు. రెండోదానికి పిల్లలు గంతులేశారు. అప్పుడు పెళ్ళికొడుకు నాయనమ్మ, "మూడోది వెయ్యవే" అంది. మస్తూరా తాతవైపు చూసింది.

అది చూసి తాత కర్ర పట్టుకుని లేచాడు. ఎడమకాలితో ఆ మూడో దరువు నేలమీద కొట్టాడు. పక్షవాతం పట్టిన కుడికాలు ఈడ్చుకుపోయి దరువు తెగింది. అప్పుడు ఆ నాయనమ్మ పక్కన చేరి, తెగినచోట తన అడుగు వేసింది. ఆమె వెనకే ముసలమ్మలందరూ వచ్చారు. చిన్నప్పట్నుంచీ ఆడిన కాళ్ళు కదా, వాటికి ఆ దరువంతా తెలుసు.

మస్తూరా ఆ పాదాలే చూస్తూ కొట్టింది. ఒకసారి తప్పింది. రెండోసారి తడబడింది. మూడోసారి దరువు చేతికి చిక్కింది, వీధి వీధంతా ఊగిపోయింది.

"అదే బిడ్డా, అదే" అన్నాడు తాత, కళ్ళ నీళ్ళతో.

మర్నాడు పొద్దున్నే తాత గుమ్మం ముందు ఆడపిల్లలు, మగపిల్లలు బిందెలు బోర్లించుకుని కూర్చున్నారట. తాత పాఠం మొదలుపెట్టాడు, పక్కన నాయనమ్మని నిలబెట్టుకుని.

దరువు వాడకి, నిద్దర కంటికి,
కథేమో కంచికి, మా కన్నయ్య పక్కకి.