దొర మీసాలు, బుచ్చవ్వ పత్తి

ఈ కథ మీ నాయినమ్మ చెప్తుండె బిడ్డా. ఇగ ఆమె లేదు గద, నేనే చెప్త, ఇను.

ఎన్కట ఒక దొర ఉండె. దువ్వెనకున్నట్టు ఇనుప పండ్లున్న బండొకటి చేయించిండు. ఎడ్లను గట్టి తోల్తె చేనంత పత్తి ఒక్కపారే ఊడొస్తది. "రేపటి సంది అందరి చేన్లల్ల ఇదే నడుస్తది" అన్నడు.

బుచ్చవ్వ అని ఒక ముసలామె. ఆమెకున్నదే చారెడు పత్తి చెలక. సగం కాయలే పగిలినయి, సగం ఇంక పచ్చిగనే ఉన్నయి. బండొస్తె అవి గూడ పోతయి, ఇగ ఏడాదంత ఏం తినాలె? దొర ఇంటికి ఉరికింది.

దొర అరుగు మీద కూసున్నడు. మంగలి ఓదెలు ఆయన మీసాలల్ల తెల్ల ఎంటికలు ఏరి ఏరి పీకుతున్నడు.

"గిట్ల ఒక్కొక్కటి పీకితె ఎప్పటికైతది దొరా? కత్తితోని ఒక్కపారే గీకిపిచ్చుకోరాదు?" అన్నది బుచ్చవ్వ.

"పిచ్చి లేసిందా నీకు? నల్లయి గూడ పోవా?"

"నా పచ్చికాయలు గూడ గట్లనే పోతయి దొరా."

ఓదెలు నవ్వాపుకోలేక మొకం పక్కకు తిప్పిండు. దొర మీసం తడుముకున్నడు. "అయితె నా బండి దండుగేనా?" అన్నడు.

"దండుగెందుకు దొరా? నా నడుం ఇరుగుతనే ఉన్నది. పగిలిందేదో పచ్చిదేదో ఎరికయ్యే బండి చేయించు, మొదలు నా చేన్లకే తోల్కరా."

గీడిదాక చెప్పి మీ నాయినమ్మ నడుం పట్టుకొని నవ్వుతుండె. మన చేన్ల పత్తి మల్ల పగిలింది బిడ్డా. అసొంటి బండి ఇంక రాలె. మీ నాయినమ్మ ఏరే సాలు గూడ నేనే ఏరుతున్న.