నక్క డాక్టరు పెంటికల పరీక్ష

మన్యంలో ఓ కొండ. వానలు మొదలైన దగ్గర్నుంచీ అక్కడ కుందేలు పిల్లలకి ఒకటే కడుపునొప్పి. పరీక్ష చేస్తానని పట్నం నుంచి నక్క డాక్టరు దిగాడు. మెడలో భూతద్దం, మొహాన అతితెలివి. నక్క పుట్టి నాలుగు వారాలు, ఇంత గాలివాన ఎరగనందట. వీడూ ఆ జాతే.

ఆ కొండకో పద్ధతుంది. ఎవరొచ్చినా అందరి మధ్యా బండమీద కూర్చుని, అంబలి తాగి, ఎందుకొచ్చాడో చెప్పాలి. తర్వాతే పని.

కొండకంతటికీ పెద్దదిక్కు ముళ్లపంది అవ్వ. "కూర్చో నాయనా. పోయినేడు పరీక్షకని మా బొచ్చు పీక్కుపోయావు. ఏం తేలిందో ముందు చెప్పు."

"పెద్ద పుస్తకంలో పడిందవ్వా. మీకర్థం కాదులే."

"బొచ్చు మాదీ, అర్థం నీదీనా?" అంది కుందేలు తల్లి. "పోనీ, పిల్లలు వాగు నీళ్లు తాగితేనే మెలికలు తిరుగుతున్నారు. ఆ నీళ్లు చూడు."

"నేనొచ్చింది పెంటికలకి. నీళ్లకి కాదు."

అంబలి ముట్టకుండా లేచి వెళ్లిపోయాడు. మద్దిచెట్టు కింద మకాం పెట్టి, ఒక్కొక్కరినీ చాటుగా పిలిచి, "నీ పెంటికలు తే, బెల్లమిస్తా. అవ్వకి చెప్పకు" అన్నాడు. చెప్పొద్దన్న మాటకే కాళ్లెక్కువ. సాయంత్రానికి అవ్వ చెవిన పడింది.

పొద్దున్నే అందరూ ఆకు పొట్లాలతో వరసకట్టారు.

"కుందేలుకి ఇంత పెద్ద పెంటికా?" అన్నాడు నక్క.

"కడుపునొప్పి కదా బాబూ," అంది కుందేలు తల్లి, బెల్లం అందుకుంటూ.

మధ్యాహ్నానికి నక్క బండమీదికెక్కాడు. "ఘోరం. మీ అందరి పొట్టల్లోనూ ఏలికపాములే. పైగా కోడి ఈకలు. ఆఖరికి జింకలు కూడా కోళ్ల దొంగలే. కొండ జంతువులకి శుభ్రం లేదు, నీతి లేదు అని పుస్తకంలో రాస్తున్నా."

"రాయి నాయనా," అంది అవ్వ బెల్లం చప్పరిస్తూ. "ఎవరివో కూడా రాయి. అవన్నీ నీ మద్దిచెట్టు వెనకాల ఏరినవే."

కొండంతా ఇకిలించింది. నక్కకి అప్పటిదాకా లేని కడుపునొప్పి అప్పుడే పట్టుకుంది.

"అవ్వా, ఏలికపాములకి మందేమన్నా..."

"ఉంది. నీకర్థం కాదులే," అంది కుందేలు తల్లి.

అవ్వ అంబలి ముంత ముందుకి తోసింది. "ముందిది తాగు. తర్వాత వాగు నీళ్లు చూడు. తేలింది పుస్తకానికి కాదు, మొదట ఈ తల్లికి చెప్పు. అప్పుడు మందు."

నక్క బండమీద కూర్చున్నాడు, తాగాడు, భూతద్దం పట్టుకుని కుందేలు వెనకాల వాగుకి నడిచాడు.

అందరినీ అడక్కుండా చాటుగా ఏరుకునేవాడికి తన పెంటే దక్కుతుంది.